జీపు చక్రాలకు కందెన

విజయనగరం వీధుల్లో ఇప్పుడు తిరుగుతున్న ఎత్తు కార్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి అని చెప్పుకుని కొంటారు. పిల్లల్ని బడి దగ్గర దింపడానికీ, పెళ్లిపందిరి ముందు నిలబెట్టడానికీ వాడతారు. ముందు చక్రాలకు ఎప్పుడైనా పని చెప్పావా అని మొన్న ఒకతన్ని అడిగాను. "అది ఏ బటనో నాకు తెలీదు తాతగారూ" అన్నాడు. 

అరవైల చివర్లో నా దగ్గర ఒక జీపు ఉండేది. సైన్యం వాడి వదిలేస్తే వేలంలో కొన్నాను. దాని స్టీరింగు ఎడమవైపు. కుడివైపు సీట్లో మా మామ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు ఈ ముసలాయన చేతుల్లేకుండా ఎలా నడుపుతున్నాడా అని తలలు బయటపెట్టి చూసేవారు. మామ వాళ్ల వైపు దర్జాగా తలూపేవాడు.

నా చదువు దుకాణం పొట్లాల కాగితాల మీద సాగింది. జీపు విద్య మాత్రం జీపునే విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను. పెద్ద గేరు కడ్డీ పక్కన రెండు పొట్టి కడ్డీలు ఉండేవి. ఒకటి లాగితే ముందు చక్రాలకూ బలం వచ్చేది. రెండోది లాగితే బండి మనిషి నడకకు దిగి, ఏనుగులా లాగేది. చేతిబ్రేకు నేను కొనేనాటికే చచ్చిపోయింది. పొందూరుకు పత్తి మూటలు, శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్లే జనం, చీపురుపల్లి సంతకు బెల్లం, అన్నీ దానిమీదే. మా కోడిపెట్ట వెనక సీటు కింద గుడ్లు పెట్టేది.

"బావా, నీ బండి మళ్లీ నూనె కక్కింది. అలికిన వాకిలంతా పాడు సేసినాది. గొడ్డయితే పేడైనా ఏస్తాది" అని మా ఆవిడ రోజూ దాన్ని తిట్టేది.

ఆమె తండ్రే మామ. నాకు మేనమామ కూడాను. పుట్టినప్పటినుంచీ ఎడ్లబండి మనిషి. జీపు ఎక్కేవాడే గాని దాన్ని నమ్మేవాడు కాదు. అన్నిటికంటే ఆయనకు గిట్టనిది దాని బ్రేకు కూత. తొక్కినప్పుడల్లా చక్రాలు కీచుమనేవి. మా వైపు బండి చక్రం కూస్తూ ఊళ్లోకి వస్తే ఇంటి యజమానికి అవమానం. కందెన పెట్టుకోలేని బద్ధకస్తుడని నవ్వుతారు. ఆముదంలో మసి కలిపి ఇరుసుకు రాసే ఆ జిగురు లేకుండా ఏ బండీ మా ఊరి పొలిమేర దాటేది కాదు.

ఒక ఏడు ఆకుమడిలో నారు పోశాక వానలు ముఖం చాటేశాయి. నూతిలో నీళ్లు ఉన్నాయిగాని ఏతానికి అందనంత లోతుకు దిగిపోయాయి. ఆయిలు ఇంజను పెట్టి తోడితే నారు బతుకుతుంది, లేకపోతే ఆ ఏడు మా రెండిళ్లకూ పంట లేదు. ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు ఉంది, మేం గెడ్డ అంటాం. నీళ్లు లేవు, ఉన్నదంతా మోకాలి లోతు ఇసుక. మేత లేక ఎడ్లు ఎముకల గూళ్లయిపోయాయి, ఇంజను బరువును ఆ ఇసుకలో లాగలేవు.

కరువు చూడడానికి ఒక అధికారి వచ్చాడు. గెడ్డ అవతలి గట్టున నిలబడి, ఇటు దారి లేదు, ఇంజను దాటదు అని తేల్చేసి వెళ్లిపోయాడు. ఆయన ఎక్కి వచ్చిందీ జీపే! నా జీపుకున్న పొట్టి కడ్డీలే దానికీ ఉన్నాయి. ఇసుకలో ఒక చక్రం పెట్టి చూడలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు కోపం చల్లారదు. ఇంజను దాటి తీరుతుందని ఆ గట్టుమీదే అనుకున్నాను.

మేం తెప్పించుకున్న ఇంజను రైల్లో చీపురుపల్లికి వచ్చిందని కబురందిన మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. ఎక్కేముందు మామ మడిలో మట్టి చిదిపి చూసి, "ఒరే అల్లుడా, ఇయాల తడి తగిల్తే తగిలినట్టు. లేదంటే రేపు మడిలోకి పశువుల్ని తోలేయడమే" అన్నాడు.

దారిలో జీపు ఒక్కసారీ కూయలేదు. బాగుందే అనుకున్నాను. స్టేషన్లో కూలీలు చెక్కపలకల మీదుగా ఇంజనును జీపు వెనక భాగంలోకి ఎక్కించారు. జీపు నడుం కిందికి జారింది.

"ఈ బొమ్మబండి మోస్తాదా బావూ?" అన్నాడొక కూలీ.

"నువ్వు ఎక్కి కూకో, నిన్ను కూడా మోస్తాది" అన్నాడు మామ.

సంత వీధిలోకి వచ్చేసరికి ఎదురుగా బెల్లం దిమ్మల తోపుడుబండి. బ్రేకు తొక్కాను. ఎంత బలంగా తొక్కినా జీపు ఆగలేదు. గేరు దించి, పక్క మట్టిగుట్టకు చక్రం ఆనించి ఆపాను. బెల్లం మనిషి నా ఏడు తరాలనూ తలుచుకున్నాడు. దిగి చూస్తే చక్రం లోపలినుంచి నల్లగా కారుతోంది. వేలితో తీసి వాసన చూశాను. ఆముదం!

"మావా, ఏం చేశావు?"

"ఏటి సేసినాను? నిన్న నువ్వు పలకలు అడగడానికి పక్కూరు ఎల్లినప్పుడు సెక్రాలిప్పి కందెన ఎట్టినాను. నాలుగింటికీ! బాగా పులిమినాను. సూడు, కూత ఉన్నాదా?"

నేను చక్రాలు విప్పుతుంటే పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూశాడు. చక్రాలను ఆపే బ్రేకు డ్రమ్ములను ఇరుసు గూళ్లనుకున్నాడు. పొద్దున గట్టిగా ఉన్న కందెన వేడికి కరిగి, లోపలంతా పరుచుకుంది.

అక్కడి మెకానిక్కు చూసి, "బ్రేకు పట్టీలు ఆముదం తాగేసినాయి. రేపు సాయంత్రానికి ఇస్తాను, వదిలేసి ఎల్లండి" అన్నాడు.

మామ నా ముఖం చూశాడు. తను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. తువ్వాలు తీసి తలకు చుట్టి, మళ్లీ విప్పాడు. "పోనీ, రేపే..." అన్నాడు మెల్లగా.

"రేపు పశువుల్ని తోలుకుంటావా? ఎక్కు" అన్నాను.

రెండు పొట్టి కడ్డీలూ లాగాను. ఆ గేర్లో జీపు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుతో పనిలేదు. దారంతా నడిచే మనిషి వేగమే. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒక మేకల మంద కూడా దాటింది. నాకు సిగ్గనిపించలేదు.

భయమల్లా గెడ్డ గట్టు దగ్గరే. దిగుడు నిటారుగా ఉంది, వెనక ఆయిలు ఇంజను బరువు తోస్తోంది. మామ దిగిపోయాడు. ఎడ్లబండి దిగుడులో చేసినట్టే ఒక రాయి చంకన పెట్టుకుని చక్రం పక్కన నడుస్తూ, "హో... హో... మెల్లగా నాన్నా, మెల్లగా" అని జీపును బుజ్జగించడం మొదలెట్టాడు. నేను కాళ్లు రెండూ పెడళ్లమీంచి తీసేసి, స్టీరింగు మాత్రం పట్టుకున్నాను. తొక్కాలని కాలు పీకుతూనే ఉంది. తొక్కలేదు. జీపు గుర్రుమంటూ గట్టును గోక్కుంటూ దిగింది.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో సగం గాలి వదిలాను. ఊళ్లోవాళ్లు వచ్చి మెత్తని చోటల్లా తాటాకులు పరిచారు. ఇసుకలో ఆగితే కూరుకుపోతాం, కాబట్టి బ్రేకు లేకపోవడమే మేలని మామకు చెప్పాను. "ఊరుకోరా, నన్ను బుజ్జగించకు" అన్నాడు. నడుమ ఒకచోట వెనక చక్రాలు పాతుకుని గిర్రున తిరిగాయి. ముందు చక్రాలు తాటాకు అంచు పట్టుకుని లాగాయి. లాగాయండీ! దారి లేదన్న పెద్దమనిషి అప్పుడు అక్కడ ఉండాల్సింది.

నూతి దగ్గర ఆపడం ఎలాగన్నది ఆఖరి చిక్కు. మామ ముందు పరుగెత్తి, "పెంటలోకి తోలు! పెంటలోకి!" అని అరిచాడు. జీపును పెంటపోగులోకి నడిపి, దాని ఇంజను ఆపాను. మెత్తగా ఆగింది. మా ఆవిడ వచ్చి చూసి, "ఇన్నాళ్లకి దాని సోటు దానికి దొరికింది" అంది.

అందరం కలిసి ఆయిలు ఇంజనును దించి నూతి దగ్గర బిగించాం, పొద్దు వాలేలోపు నీళ్లు కాలువలో పడ్డాయి. మామ నీటికంటే ముందు నడుస్తూ, కాళ్లతో మట్టి తోస్తూ మడిదాకా తీసుకెళ్లాడు. ఒక పక్క నారు అప్పటికే పోయింది. రెండో పక్క నిలబడింది. ఆ ఏడు సగం పొలంలోనే నారు ఊడ్చాం, సగం తిండి తిన్నాం.

తర్వాత బ్రేకులు బాగుచేయిస్తే కూత మళ్లీ వచ్చింది. ఊళ్లోకి వస్తుంటే ఎవరో నవ్వి, "ఏటి బావా, అల్లుడి బండికి కందెన ఎట్టలేవా?" అన్నారు.

"అరవనీరా" అన్నాడు మామ, కుడివైపు సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని. "అరిస్తేనే ఆగుతాది."