జీరకు వేసిన మార్కులు

ఆదివారం మధ్యాహ్నం పూట మా ఇందిరాపురం ఫ్లాట్‌లో ఉండేవి: ఒక కంప్యూటర్, టేపు చుట్టిన మైకు, మార్కుల నోట్‌బుక్. ఉండేవాళ్లు: పాడే మిత్రుడు, వరంగల్ మిత్రుడు, నేను. ముగ్గురం ఢిల్లీ పక్కన నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం.

వారానికొక పాత పాట. పాడే మిత్రుడు తన పద్ధతిలో పాడేవాడు, నేను రికార్డు చేసేవాణ్ణి. తర్వాత అసలు పాట పెట్టి, పోల్చి, పదికి మార్కులు వేసేవాళ్లం. శ్రుతికి ఎప్పుడూ తొమ్మిది. గొంతుకు మాత్రం ఐదు దాటేది కాదు.

"గుళ్లె మైకు లెక్క ఉంటదిరా నీ గొంతు. జర జీర ఉండాలె," అనేవాడు వరంగల్ మిత్రుడు.

నేనూ ఒప్పుకునేవాణ్ణి. అప్పట్లో ఏ ఆటో ఎక్కినా బొంగురు గొంతుల హిందీ పాటలే.

చలికాలం మొదట్లో పాడే మిత్రుడికి జీర వచ్చింది. ఆరు వేశాం. తర్వాత ఏడు. ఒక ఆదివారం పైస్థాయిలో స్వరం తెగిపోయి గాలి మాత్రమే వచ్చింది.

"అబ్బ! గా చోట పానం తీసినవ్ రా బై!" అన్నాడు వరంగల్ మిత్రుడు.

ఎనిమిది వేశాం. పాడినవాడు మంచినీళ్లు తాగి, మింగేటప్పుడు మెడ పట్టుకున్నాడు.

"జలుబేలేరా. తగ్గితే మళ్లీ ఐదుకి దిగిపోతానేమో!" అని నవ్వాడు. నవ్వు కూడా బొంగురుగానే ఉంది.

జనవరిలో ఒక ఆదివారం, కింది ఫ్లాట్ తెలుగు ఆంటీ పులిహోర తెచ్చారు. పాడే మిత్రుడు థాంక్స్ చెప్పగానే గిన్నె ఇవ్వబోయిన చెయ్యి ఆపేశారు.

"గొంతేంటి బాబూ అలా అయిపోయింది?"

"అది స్టైల్ ఆంటీ," అన్నాను నేను.

ఆవిడ నవ్వలేదు. "స్టైలైతే పాటలో ఉండాలి గానీ, మాటలో ఎందుకుంటుంది?"

మర్నాడు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, తెర మీద చాలాసేపు చూశాడు. గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు.

"యే కబ్ సే హై? తీన్ హఫ్తే సే జ్యాదా? సహీ బతాయియే."

ఎప్పట్నుంచి, మూడు వారాలు దాటిందా అని అడిగేసరికి మిత్రుడు నా వైపు చూశాడు. రికార్డులన్నీ తేదీలతో నా దగ్గరే ఉన్నాయి. చూసి రేపు చెబుతామన్నాను.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చివరి ఫైలు నుంచి వెనక్కి విన్నాను. గొంతు శుభ్రంగా ఉన్న ఆఖరి పాట దగ్గర ఆగాను. నోట్‌బుక్‌లో దానికి ఐదు.

అక్కణ్ణుంచి లెక్కపెట్టాను. పదకొండు వారాలు.