చిటికెడు మొలకపిండి

"గిదేంది అత్తమ్మా, తైదలకు తోకలొచ్చినయి. ఖరాబైనయి, పారేస్తున్న."

"పళ్లెం ముట్టకు స్వరూపా. తోకలు రావాలనే గుడ్డల కట్టిన. ఎండినంక పిండి పడ్త."

"పిల్లకు మళ్ల కడుపు చెడితే?"

"నువ్వు నీళ్లలెక్క జావ పోస్తున్నవ్. నీళ్లకు బరువొస్తదా?"

"నువ్వు ముద్దలెక్క చేస్తే మింగుతలేదు గద."

బోరబండలో మా కిరాయి ఇంట్లో మొన్న సాయంత్రం తైదల మీద, అదే రాగుల మీద, నాకూ కోడలికీ జరిగిన రగడ ఇది. విరేచనాలు పట్టి లేచినప్పటి నుంచి నా మనవరాలు చిక్కిపోయింది. బరువు పెరగకపోతే పెద్ద దవాఖానకు పోవాలని నర్సమ్మ చెప్పింది. గట్టి జావ పెడితే పిల్ల ఉమ్మేస్తుంది, పలుచటిది తాగి కాసేపటికే ఆకలికి ఏడుస్తుంది. మా ఇద్దరి మాటా నిజమే, అదే బాధ.

ఎండిన మొలకల తీపి వాసన మాత్రం నన్ను తీసుకుపోయి మా అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టింది. ఇప్పుడు స్వరూప పనికి పోయి అద్దాలు తుడిచే మేడల దిక్కునే మా ఊరు ఉండేది, వానలు తగ్గాక తైద చేను కంకులు వంచుకుని నిలబడేది, అమ్మ కొత్త తైదలను నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి కొక్కేనికి వేలాడదీసి, మొలకలొచ్చాక ఎండబెట్టి, మాడితే పనికిరావని వేయించకుండానే ఇసుర్రాయిలో విసిరేది. ఒక ఏడు జ్వరంతో తమ్ముడు పక్షిపిల్లలా అయ్యాడు. అమ్మ గరిటె నిలబడేంత గట్టిగా జావ కాచి, దించి, చిటికెడు మొలకపిండి వేసి తిప్పింది. చుక్క నీరు పోయలేదు. నా కళ్లముందే ఆ ముద్ద కరిగి పాలలా జారింది. నేను కుండ చుట్టూ తిరిగి చూశాను, ఎక్కడైనా చిల్లి పడిందేమోనని.

"ఏం జేసినవే అమ్మా?"

"నేనేం జేసిన? మొలక జేసింది. జరుగు, ఇంకో ఉడుకు రానియ్యాలె."

తమ్ముడు గిన్నెడు జావ తాగాడు. నేను రెండో తరగతితోనే బడి మానేసినదాన్ని, గింజలో దాగిన ఆ బలం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు కనుకనే ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. ఆ చేను లేదు, ఇసుర్రాయి ఏ గోడ కిందికి పోయిందో, అమ్మ కూడా లేదు.

నిన్న రాత్రి మిక్సీలో పిండి పట్టాను. పొద్దున గట్టిగా జావ కాచి, డబ్బా స్వరూప చేతికే ఇచ్చాను. చిటికెడు వేసి తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

"నీళ్లు పోసినవా అత్తమ్మా?"

"చెంబు నీ పక్కనే ఉన్నది."

మళ్లీ ఉడికించి, చల్లార్చి, ఒళ్లో పెట్టుకుని తాగించింది. పిల్ల గిన్నె ఖాళీ చేసి ఇంకా నోరు తెరిచింది. బయట డ్యూటీకి తీసుకుపోయే ఆటో హారన్ కొడుతున్నా స్వరూప లేవలేదు, గిన్నె అంచులు వేలితో గీకి పెట్టింది.


పోతూ పోతూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, "ఇంకిన్ని తైదలు నానబెట్టు అత్తమ్మా," అంది.