తీసేసే ముందు ఒక మాట

ఊరంతా వకీలుగారూ అని పిలిచేది గానీ, ఆయన నల్లకోటు తొడిగిన పాపాన పోలేదు. ఆయన చేసేది పేము కుర్చీలు అల్లే పని. ఉన్నదాన్ని తొందరపడి పారెయ్యకూడదనే పార్టీలో కుర్రతనం నుంచీ సభ్యుడు. జనం దాన్ని పాతపార్టీ అనేవారు. ఆ పార్టీలో ఒక వింత పద్ధతి ఉండేది. దేన్నయినా తీసెయ్యాలని చేతులెత్తే ముందు, దాని తరఫున ఒకరు లేచి మాట్లాడాలి. ఊరికే కాదు, స్వయంగా వెళ్ళి చూసొచ్చి మరీ మాట్లాడాలి. ఎవరికీ పట్టని ఆ పని ఈయన నెత్తిన పడింది. అలా వకీలయ్యాడు.

వకీలంటే వకీలే, కేసు మాత్రం ఒక్కటీ గెలవలేదు. పాత వంతెన పోయింది, పాత గ్రంథాలయం పోయింది. మీటింగు నుంచి ఇంటికి రాగానే భార్య తలుపు తీస్తూ, "ఇవాళా ఓడిపోయొచ్చారా?" అనేది. "వచ్చాలే, కంచం పెట్టు" అనేవాడు ఆయన.

తీరా ఈయన తల నెరిసేసరికి లోకం తలకిందులైంది. దుకాణదారులూ డాక్టర్లూ పాతపార్టీని వదిలి ఎదుటి పార్టీలో చేరారు. నిన్నటిదాకా పాతపార్టీని దుమ్మెత్తిపోసిన మిల్లు కార్మికులు ఇందులోకి వచ్చిపడ్డారు. కొత్త అధ్యక్షుడొచ్చాడు, గొంతు పెద్దది, ఓపిక తక్కువ. రావడం రావడమే ఆ పద్ధతి మీద పడ్డాడు.

"కూల్చాల్సినవి కూల్చాలి. ప్రతిదానికీ ముందు ఈ శోకాలేంటి? ఈ పద్ధతే తీసేద్దాం" అన్నాడు.

వకీలుగారు లేవబోయాడు.

"మీ పని గురించి మీరే చెప్పుకుంటే ఎలా పెద్దాయనా? దీని తరఫున ఇంకెవరైనా ఉన్నారా?"

మాట న్యాయమే. ఆయన కూర్చున్నాడు. తల తిప్పి వరసలన్నీ చూశాడు. ఎవరూ లేవకపోతే తను ఇన్నేళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వెనక వరసలో మిల్లు సంఘం అక్క లేచింది. ఇక అయిపోయిందనుకున్నాడు ఆయన. ఒకప్పుడు ఊరేగింపుని ఆయన కొట్టు ముందు ఆపి, "పాత సామాను!" అని అరిపించిన మహాతల్లి.

"మా మిల్లు పక్కన పసిపిల్లల గది ఉండేది. మేం పనిలోకి వెళ్తూ పిల్లల్ని అక్కడ వదిలేవాళ్ళం. దాన్ని మూయించింది ఈ పార్టీయే. ఆరోజు తిడదామని వచ్చి ఇదే గుమ్మంలో నిలబడ్డా. ఆ గదంటే ఈయనకీ గిట్టదు. అయినా ఒక రోజంతా అక్కడ కూర్చునొచ్చాడు. 'తల్లి విడిచిన బట్ట వాసన చూసుకుని నిద్రపోతున్నారు పిల్లలు. గది తీసేస్తే వాళ్ళ పక్కలు ఎక్కడ వేస్తారు?' అని అడిగాడు. ఆ పిల్లల్లో నా కూతురుంది."

ఆమె అధ్యక్షుడి వైపు తిరిగింది.

"ఓడిపోయాడు. కానీ ఊరు మొత్తంమీద మా కోసం లేచింది ఈయనొక్కడే. మేం ఇక్కడికొచ్చింది మీ జెండా చూసి కాదు బాబూ. తనకి నచ్చనిదాన్ని కూడా వెళ్ళి చూసొచ్చే మనిషి ఇక్కడున్నాడని వచ్చాం. రేపు మనల్నే తీసెయ్యాలంటే, ముందు మన తరఫున ఒకరు లేవాలా వద్దా?"

వకీలుగారికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ మాటలు తను ఎప్పుడో మరిచిపోయాడు. తనని తిట్టిన మనిషి వాటిని ఇన్నేళ్ళూ మోసింది! పాతదాన్ని కాపాడేది పాతవాళ్ళేనని జన్మంతా నమ్మాడాయన. ఇప్పుడామెను చూస్తుంటే ఆయనకు నమస్కారం పెట్టాలనిపించింది.

ఉంచాలని చేతులు లేచాయి. మిల్లువాళ్ళవి ముందు, మిగతావి తరవాత. బుర్ర గోక్కుంటూ గోక్కుంటూ అధ్యక్షుడూ ఎత్తాడు.

ఇంటి దగ్గర భార్య తలుపు తీసింది.

"ఇవాళా ఓడిపోయొచ్చారా?"

"గెలిచామే."

ఆమె నోరు తెరిచింది. "మీరా? అంత గొప్పగా ఏం మాట్లాడారేంటి?"

"నేను నోరే విప్పలేదే" అని, ఆయన గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.