ముస్తాబు లేని పాఠం

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో, రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో, నన్ను బెంగళూరుకు తూర్పున ఉన్న పల్లెల బాలికా పాఠశాలలకు సహాయ ఇన్‌స్పెక్ట్రెస్‌గా వేశారు. నా పైన జిల్లా ఇన్‌స్పెక్టరు ఉండేవారు. తనిఖీ నివేదికలో నేను రాసే ఒక్క వాక్యం చాలు, పంతులమ్మకు బదిలీ అయిపోయేది. అందుకే నేను వస్తున్నానంటే చురుకైన పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, ముందే వల్లె వేయించిన పాఠం నడిపించేవారు. దాన్ని మేము, తనిఖీకి వెళ్ళేవాళ్ళం, ముస్తాబు పాఠం అనేవాళ్ళం.

ఒక్కో ఊళ్ళో ఒంటరిగా పనిచేసే ఈ పంతులమ్మలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారని కాడుగోడి బడిలో నెలనెలా కూటం పెట్టించాను. అక్కడా ముస్తాబు పాఠాలే. అందరూ అందరినీ మెచ్చుకుని ఇళ్ళకు పోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కూటం దండగని జిల్లా ఇన్‌స్పెక్టరు అప్పటికే అంటున్నారు.

అంతలో కాడుగోడి పంతులమ్మ లక్ష్మమ్మ ఉద్యోగం మానేస్తానంది. ఆమె మానేస్తే ఆ ఊరి ఆడపిల్లలకు చదువు చెప్పే దిక్కు లేదు. కారణం అడిగితే, "లెక్కల పాఠమంటే గుండె దడదడా కొట్టుకుంటా ఉండాదమ్మా. తెలీదని ఎవురితో చెప్పుకునేది?" అంది.

కూటం పద్ధతి మొత్తం మార్చేశాను. ముందు ఉప్పిట్టు, అంటే మన ఉప్మా, కాఫీ, ఇంటి కబుర్లు. ఆ తర్వాత ఎవరికి వారు తాము చెప్పలేకపోయిన పాఠమే తేవాలి. అక్కడ విన్నది ఏదీ నివేదికకు ఎక్కదని మాట ఇచ్చాను. కొందరు నమ్మలేదు.

కూటం ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికి జిల్లా ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చారు. వీళ్ళలో ఎవరు వెనకబడి ఉన్నారని అందరి ఎదుటే నన్ను అడిగారు. ఇక్కడ విన్నది బయట పెట్టనని మాట ఇచ్చానండీ అన్నాను. ఆయన మొహం ముడుచుకున్నారు.

ఆ రోజు వంతు లక్ష్మమ్మది. భయపడి మళ్ళీ ముస్తాబు పాఠం అందుకుంటుందనుకున్నాను. ఆమె బోర్డు దగ్గర నిలబడి ఆయన వైపు ఒకసారి చూసింది. "నాలుగును అరతో భాగిస్తే ఎనిమిది వస్తాది. భాగిస్తే తగ్గాల గదా, ఎట్ల పెరిగిందని పిల్లోళ్ళు అడుగుతా ఉండారు. నాకు చెప్పేదానికి రాలే. మీరెవురన్నా చెప్పండమ్మా" అంది.

సర్జాపుర పంతులమ్మ శారదమ్మ లేచి, నాలుగు రాగి ముద్దలున్నాయి, మనిషికి అర ముద్ద పెడితే ఎంతమంది తింటారని అడిగింది.

ఎనిమిది మంది అని జవాబు చెప్పింది జిల్లా ఇన్‌స్పెక్టరే. లక్ష్మమ్మతో పాటు అందరూ నవ్వారు, ఆయన కూడా.

కూటం నిలిచింది. లక్ష్మమ్మ మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే రోజు అదే. భయం లేనిచోటే మనిషి తెలియదని ఒప్పుకుంటాడు, ఒప్పుకున్నాకే నేర్చుకుంటాడు. పంతుళ్ళకు కూటం పెట్టేవారు పాఠాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ భయం సంగతి చూడాలి.