మూడు దెబ్బలు, ఆగి రెండు

భయం ఎలా తయారవుతుందో విప్పి చెప్పడమే నా పని. నరసరావుపేటలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని వీడియో గేముల మీద, ముఖ్యంగా వాటి సంగీతం మీద తెలుగులో సమీక్షలు చేస్తాను. దయ్యాల గేము వచ్చిందంటే ఏ నిమిషం దగ్గర ఏ శబ్దం పెట్టి మన గుండె ఝల్లుమనిపించారో విడదీసి చూపిస్తాను. ఆ కిర్రుమనే తలుపు నిజానికి పాత కుర్చీ అనీ, ఆ ఆడమనిషి ఏడుపు నెమ్మది చేసిన పిల్లి అరుపనీ ఆరేళ్లుగా చెబుతున్నదాన్ని. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

పోయిన వానాకాలం ఒక చిన్న గేము సమీక్షకు వచ్చింది. విదేశంలో ఇద్దరు మనుషులే కలిసి చేసిన గేము. ఒకరు బొమ్మలు, ఒకరు సంగీతం. కథ కూడా చిన్నదే. ఒక ఆడపిల్ల తప్పిపోయిన తన కుక్కను వెతుక్కుంటూ మంచులో నడిచి వెళుతుంది. అంతే. అందులో భయపెట్టేది ఏమీ లేదు. దయ్యం లేదు, గని లేదు, ఆఖరికి ఒక గుహ కూడా లేదు. ఇది ముందే చెప్పడం అవసరం.

నాకొక అలవాటు ఉంది. గేము ఆడకముందే దాని సంగీతం మొత్తం విడిగా వింటాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పక్కన నోట్‌బుక్ ఉంచుకుని, ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఏం వినిపించిందో రాసుకుంటాను. ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు మొదలుపెట్టాను. అమ్మ రేషన్ షాపుకు వెళ్లింది. నాన్న ముందు వసారాలో మంచం మీద ఉన్నాడు.

ఐదో ట్రాకు వయొలిన్, వెనక గాలి. రెండు నిమిషాల పద్నాలుగో సెకను దగ్గర ఒక కొత్త శబ్దం వచ్చింది. ఇనుము రాయిని తాకినట్టు పొడిగా ఉంది. మూడు దెబ్బలు. కాస్త ఆగి, రెండు. మళ్లీ మూడు, ఆగి, రెండు. ట్రాకు అయిపోయేదాకా అలాగే, చాలా లోపల నుంచి.

నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. "2:14 — మూడు, ఆగి, రెండు. చాలా బాగుంది. మంచు కింద ఎవరో ఉన్నట్టు" అని రాసుకున్నాను.

రెండోసారి పెట్టి, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద ఉంచి, మంచినీళ్లకు లేచాను. తిరిగి వచ్చేసరికి నాన్న గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో తలుపు చెక్కలు పట్టుకున్నాడు.

"ఎవురే అది కొట్టేది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏది నాన్నా?" అన్నాను.

"ఆపవే. ఆ సప్పుడు ఆపు. సైదులు కొడతన్నాడు."

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన పేరు వెంకటేశ్వర్లు. మాచర్ల వైపు ఒక నాపరాయి క్వారీలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. రాయి కోసే మిషన్ల హోరుకు చెవులు రెండూ దెబ్బతిని, ఏటేటా ఇంకా తగ్గుతూ వచ్చాయి. పక్కన నిలబడి గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను బీరువాలో ఉంటుంది, పెట్టుకోడు. ఆ మనిషికి, బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్స్ లోంచి వచ్చే పాట, రెండు గదుల అవతల వినపడింది. గుమ్మం దగ్గరే ఉన్న నాకు కూడా అది వినపడటం లేదు.

ఆపేశాను. సైదులు ఎవరని అడిగితే నాన్న వెనక్కి తిరిగి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున అమ్మ పనికి వెళ్లాక నన్ను పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఇరవై మూడేళ్లుగా మా అమ్మకు కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు.

సైదులు క్వారీలో నాన్నకు జోడీ. నాన్న పై మెట్టు మీద నిలబడి గడ్డపారతో పలకలు కదిలించి కిందికి దించేవాడు. సైదులు కింద అందుకుని పక్కకు లాగేవాడు. మిషన్ల మోతలో కేకలు వినపడవు కాబట్టి ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. సైదులు సుత్తితో రాతి మీద మూడు దెబ్బలు కొట్టి, ఆగి, రెండు కొడితే "నేనింకా కిందనే ఉన్నా, ఆగు" అని అర్థం. ఆ గుర్తు వాళ్లిద్దరిదే. వేరే జోడీలకు వేరే గుర్తులు ఉండేవట.

ఒక రోజు, మూడు రోజుల ముసురు తర్వాత, పై మట్టి ఒక్కసారిగా జారింది. నాన్న వెనక్కి దూకాడు. సైదులు కిందనే, రాయి తీసేసిన ఒక సందులో ఉండిపోయాడు. మట్టీ రాళ్లూ వచ్చి ఆ సందును మూసేశాయి. పైన ఇంకా పెద్ద ముక్క ఒకటి నెర్రెలిచ్చి వేలాడుతోంది. తవ్వాలంటే మనుషులు దాని కిందికే వెళ్లాలి.

మిషన్లు ఆపించి, మేస్త్రీ నాన్నను దగ్గరికి పంపాడు, చెవి పెట్టి వినమని. అప్పటికి నాన్న చెవులు ఇంతగా పాడవలేదు. రాతికి చెవి ఆనించాడు. మూడు దెబ్బలు. ఆగి, రెండు.

"ఏమన్నా ఇనపడతందా ఎంకటేశ్వర్లూ?" అని మేస్త్రీ పైనుంచి అడిగాడు.

"లేదు" అని నాన్న చెప్పాడు.

ఉందని చెబితే జోడీ కాబట్టి ముందు తనే దిగాలి. "నువ్వప్పుడు ఆరేళ్ల పిల్లవి. నువ్వు గుర్తొచ్చినావు. అందుకేనని ఇన్నాళ్లూ అనుకున్నా. కాదులే అమ్మాయ్, నాకు బయమేసింది" అన్నాడు నాన్న.

మనిషి పోయాడని తేల్చి అందరూ పైకి వచ్చేశారు. నాన్న మాత్రం పొద్దుగూకేదాకా ఆ మట్టి పక్కనే కూర్చున్నాడు. లోపల నుంచి దెబ్బలు వస్తూనే ఉన్నాయట. దీపాలు పెట్టే వేళకు మూడు దెబ్బలు వచ్చాయి. తర్వాత రెండూ రాలేదు. రెండు రోజులకు పెద్ద మిషను తెచ్చి శవాన్ని తీశారు. సైదులు భార్యకు, మట్టి మీద పడిన క్షణంలోనే ప్రాణం పోయిందని చెప్పారు. ఆ మాట చెప్పింది కూడా నాన్నే. ఆ నెలలోనే క్వారీ పని మానేసి మమ్మల్ని నరసరావుపేట తీసుకొచ్చాడు.

నాకు ఏడుపు రాలేదు. నాన్న ముఖం చూడలేకపోయాను, అంతే. వెనక గదిలోకి వెళ్లి, నాకు తెలిసిన పని చేశాను.

ఆ ట్రాకును కంప్యూటర్లో తెరిచి శబ్దం గీతను పెద్దది చేసి చూశాను. ఇనుప దెబ్బ ఉంటే గీతలో మొన తేలాలి. రెండు నిమిషాల పద్నాలుగో సెకను దగ్గర వయొలిన్ తప్ప ఏమీ లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మాత్రం దెబ్బలు వినిపిస్తున్నాయి. వినుకొండలో ఉండి నా వీడియోలు ఎడిట్ చేసే హరితకు పంపాను. ఏమీ చెప్పకుండా, వెనక ఏం వాయిద్యాలు ఉన్నాయో చెప్పమన్నాను. "వయొలిన్, గాలి. ఇంకేముంది?" అంది. అమ్మకు వినిపించాను. నిద్ర వస్తోందంది.

సంగీతం చేసినాయనకు రాశాను. ఆ ట్రాకులో తాళవాద్యం ఏదీ వాడలేదని, కావాలంటే చూసుకోమని విడివిడి భాగాలన్నీ పంపాడు. మంచి మనిషి. వయొలిన్ ఒక్కటే విన్నాను, దెబ్బలు లేవు. గాలి ఒక్కటే విన్నాను, లేవు. రెండూ కలిపి పెడితే ఉన్నాయి.

చిన్నప్పుడు నాన్న ఎప్పుడైనా ఆ దెబ్బలు మంచం కోడు మీద కొట్టాడేమో, అది నా మనసులో ఉండిపోయిందేమో అని కూడా ఆలోచించాను. నాన్న ఒట్టేసి లేదన్నాడు. అది నిజమే అనుకున్నా, చెవులు వినపడని మనిషికి ముందు వసారాలోకి ఎలా వినపడిందో దానితో తేలదు.

వారం తర్వాత నాన్న తనంతట తనే అన్నాడు, కోటమ్మ దగ్గరికి పోదామని. కోటమ్మ అంటే సైదులు భార్య. గురజాల దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. ఆమె పత్తి చేలో కలుపు తీసి అప్పుడే ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నాన్నను చూసి గుర్తుపట్టి, "రా అన్నా, ఎన్నేళ్లకు" అని మంచం వాల్చింది. కూతురు నాగమణి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

నాన్న కూర్చోలేదు. నిలబడే, పాటలో వినపడ్డ చప్పుడుతో సహా మొత్తం చెప్పాడు. "లేదు" అన్న మాట దగ్గర ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. తిడుతుందని, కొడుతుందని కూడా అనుకుని వచ్చాం. కోటమ్మ కొంగుతో కాళ్ల తడి తుడుచుకుంటూ విన్నది.

"ఎప్పటిదాకా కొట్టాడు?" అంది చివరికి. ఆ మాట నేను నాన్న చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"దీపాలు పెట్టేదాకా."

కోటమ్మ వెళ్లి మంచం పట్టె మీద కూర్చుంది. తర్వాత ఆమె నెమ్మదిగా అంది. "టక్కున పోయాడని నువ్వే చెప్తివి గదన్నా. బాధ పడలేదులే అనుకోని బతికినా. ఇయ్యాల్టి కాడ్నించి నేనేం అనుకోని పండుకోవాల?"

  నిజం చెబితే మంచి జరుగుతుందనుకుని బయలుదేరిన వాళ్లం, ఆమె దగ్గర మిగిలిన ఒక్కటీ తీసేసుకున్నాం.

అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "నాకూ ఇనిపియ్యమ్మాయ్" అంది.

హెడ్‌ఫోన్స్ ఆమె తలకు పెట్టి ఫోన్లో ట్రాకు మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని విన్నది. నాలుగు నిమిషాలూ కదల్లేదు. అయిపోయాక కళ్లు తెరిచి, మళ్లీ పెట్టమంది. మూడుసార్లు విన్నది.

"ఏందో పాటమ్మా. ఏం లేదు ఇందులో" అంది.

నేను పెట్టుకుని చూశాను. దెబ్బలు ఉన్నాయి. లేవని అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ నా ముఖం ఆమెకు అప్పటికే కనపడింది.

"నాగమణి ఫోన్లోకి ఎక్కించి పో" అంది. ఎక్కించాను.

ఆ గేము సమీక్ష నేను చేయలేదు. నాన్న ఆ రోజు నుంచి సైదులు పేరు ఎత్తలేదు, ఆ చప్పుడు మళ్లీ వినపడిందో లేదో నేనూ అడగలేదు. గేముల్లో వినపడే ప్రతి శబ్దానికీ కారణం చెప్పగలిగిన నేను ఈ ఒక్కదానికి చెప్పలేను. దెబ్బలు నిజంగా సైదులువే అయితే, ఎన్నడూ చూడని నాకు ఎందుకు వినపడాలి? ఆయన కోసం ఇన్నేళ్లు బతికిన మనిషికి ఎందుకు వినపడకూడదు?

మొన్న నాగమణి ఫోన్ చేసింది. చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే అమ్మ ఆ పాట పెట్టించుకుంటోందట, ఒక్క రోజు కూడా తప్పకుండా. ఏమన్నా వినపడిందా అని అడిగాను.

"లేదక్కా. అయినా మాట్టాడొద్దంటది. చెయ్యి అడ్డం పెట్టి ఇంటానే ఉంటది" అంది.