తువ్వాలు మీద ఆరుగురు సిపాయిలు

ఇదివరకు ఒకచోట చెబితే నవ్వారు. మీరూ నవ్వుతారేమో. అయినా చెబుతాను... ఇది నా కళ్లతో నేను చూసింది. ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

మేముండేది అమెరికాలో, ఆష్‌బర్న్‌లో. మా ఆయన రవికి పోయిన వేసవిలో మెటల్ డిటెక్టర్ పిచ్చి పట్టింది. పొడుగాటి కర్ర, చివర పళ్లెంలాంటిది. నేలమీద ఊపుతూ నడవాలి. కింద లోహం ఉంటే కుయ్యిమంటుంది. వారం వారం పాత గుండీలు, తుప్పుపట్టిన తాళాలు ఇంటికి తెచ్చేవాడు. ఆఫీసులో ఒకాయన, తన తాతగారి పొలం అమ్మేశామని, వచ్చేవారం బుల్డోజర్లు దిగుతాయని, ఈలోపు కావాలంటే వెతుక్కోమని అన్నాడట. పాపని పక్కింటి ఆంటీ దగ్గర వదిలి, శుక్రవారం సాయంత్రం ఇద్దరం వెళ్లాం.

పొలం మధ్య ఖాళీ చెక్క ఇల్లు. కరెంటు లేదు. అప్పటికే పొద్దు వాలింది. రోడ్డు పక్కన ఆపిన మా కారు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

ఇంటి వెనక డిటెక్టర్ గట్టిగా మోగింది. జానెడు లోతు తవ్వితే, సీసపు సిపాయి. వేలంత బొమ్మ. భుజాన తుపాకి. మొహం అరిగిపోయింది. పక్కనే ఇంకోటి... ఇంకోటి. ఏ పిల్లాడో పారేసుకున్నవైతే అడ్డదిడ్డంగా పడుండాలి కదా. ఇవి మట్టిలో నిలబడి ఉన్నాయి. వరసగా. అన్నీ ఇంటివైపే చూస్తూ.

ఐదు తీశాం. చీకటి పడింది. కొత్త బ్యాటరీలు తెస్తానని రవి కారు దగ్గరికి వెళ్లాడు. నేను తువ్వాలు పరిచి ఐదింటినీ వెల్లకిలా పడుకోబెట్టాను. గుంతలో వేలికి ఇంకోటి తగిలింది. తీసి, తుడిచి, దాన్నీ పక్కనే పడుకోబెట్టాను. ఆరు. బ్యాటరీ మిగులుతుందని టార్చ్ ఆర్పేశాను. దూరంగా కారులో లైటు వెలిగింది. రవి తల కనిపిస్తోంది. ధైర్యంగానే ఉన్నాను.

అప్పుడు వినిపించింది.

టిక్...

సీసానికి సీసం తగిలినట్టు. పురుగేమో అనుకున్నాను. కాసేపు ఏమీ లేదు. మళ్లీ... టిక్. నా మోకాలి పక్కనే. తువ్వాలు మీద. టార్చ్ నొక్కడానికి వేలు రాలేదు. కారువైపు చూశాను. తల అక్కడే ఉంది.

టార్చ్ వేశాను.

ఆరూ నిలబడి ఉన్నాయి... నావైపు తిరిగి.

అరిచానో లేదో గుర్తులేదు. రవి పరుగెత్తుకొచ్చాడు. వాటిని చూశాడు. చేతిలోని బ్యాటరీలు గడ్డిలో పడిపోయాయి. వంగి తీసుకోలేదు.

"వెనక్కి చూడకు. పద," అన్నాడు.

నా చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకుని లాక్కెళ్లాడు. డిటెక్టర్ కూడా అక్కడే వదిలేశాం. ఆ రాత్రి తెల్లారేదాకా రవి హాల్లో లైటు ఆర్పనివ్వలేదు.

నెల తర్వాత స్నేహితులింట్లో భోజనాలప్పుడు దయ్యాల మాట వచ్చింది. నేనిదంతా చెప్పాను. అందరూ తినడం ఆపి వింటున్నారు. అంతలో రవి నవ్వాడు.

"నిలబెట్టింది నేనే. సుధ మొహం ఎలా పెడుతుందో చూద్దామని."

గొల్లుమన్నారు. పాపం సుధ అన్నారెవరో. నేను పళ్లెంలో అన్నం చూస్తూ కూర్చున్నాను.

తిరిగొస్తూ కారులో అడిగాను, ఎప్పుడు నిలబెట్టావని. కారు దగ్గరికి వెళ్లేముందు, నేను అటు తిరిగినప్పుడట.

"తువ్వాలు మీద పెట్టిందే నువ్వు వెళ్లాక రవీ. ఆరోదైతే తీసిందే అప్పుడు. అది ఉందనే నీకప్పటికి తెలీదు."

సిగ్నల్ పచ్చగా మారినా బండి కదపలేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"వదిలెయ్ సుధా. జోకే కదా."

ఇంటికొచ్చాక పాప మీద ఒట్టేసి చెప్పమన్నాను. చేశావా, చెయ్యలేదా... ఏదైనా ఏమీ అనను అన్నాను. చాలాసేపు బూట్ల లేసులు విప్పుతూ ఉండిపోయాడు. పిల్ల మీద ఒట్లేంటని గొణిగి లోపలికి వెళ్లిపోయాడు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. కారులో కనిపించింది రవి తలా, సీటు హెడ్‌రెస్టా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. అలాగైతే ఆ చీకట్లో చప్పుడు లేకుండా వెనక్కి వచ్చి, నా మోకాలి పక్కన కూర్చుని, నా ఊపిరి వింటూ, ఒక్కొక్కదాన్నీ లేపి నిలబెట్టింది... నాతో పన్నెండేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి.

బొమ్మలే లేచి నిలబడ్డాయనుకుంటే, కాస్త నిద్ర పడుతోంది.