బల్ల మీద రెండో కంచం

లిథువేనియాలోని ఆ చిన్న ఊళ్లో వీలియా వస్తోందంటే ముసలివాళ్లు తలుపులు వేసుకునేవారు. యూదుల ఊచకోత మీద ముప్పై ఏళ్లుగా పరిశోధిస్తున్న చరిత్రకారిణి ఆమె. గుమ్మంలో బైఠాయించైనా మాట రాబట్టేది. రికార్డరు నొక్కి ముందుగా అడిగేది ఒకటే: "మీ పేరు, పుట్టిన ఏడాది, ఊరు చెప్పండి." యూదులను నాజీలకు పట్టిచ్చిన ఊరివాళ్ల పేర్లు దాచకుండా అచ్చేసేది.

"మనవాళ్ల మీదే బురద చల్లుతావేమమ్మా?" అని చర్చి దగ్గర దెప్పేవారు. ఆమె లెక్కచేయలేదు. సొంత ఊరి పుస్తకం మాత్రం ముగియలేదు. ఊరి యూదులను అడవిలో కాల్చి చంపిన రోజున ఫ్రూమా అనే యూదు పిల్ల గోతిలోంచి తప్పించుకుంది. తర్వాత ఎటు పోయిందో ఎవరూ చెప్పరు. ఆ పిల్ల ఎక్కడో బతికే ఉందని వీలియా మొండిగా నమ్మింది. అన్ని చావులు రాసిన మనిషికి ఆ ఒక్క బతుకు కావాలనిపించడం తప్పా?

క్రిస్మస్ ముందు సాయంత్రం వీలియా తల్లి బర్బోరా వాళ్ల ఆచారం ప్రకారం బల్ల మీద ఎండుగడ్డి పరిచి, తెల్ల గుడ్డ కప్పి, పోయినవాళ్ల కోసం ఎప్పటిలాగే రెండు ఖాళీ కంచాలు పెట్టింది. బల్ల ఇరుకైందని వీలియా ఒకటి తీయబోయింది.

"తాతా అమ్మమ్మా ఒకే కంచంలో సర్దుకుంటార్లే అమ్మా."

"వాళ్లిద్దరికీ ఎప్పుడూ ఒకటేనే. అది ఫ్రూమాది. అక్కడే ఉండనీ."

వీలియా కంచం వదిలేసి తల్లివైపు తిరిగింది. "ఇన్నేళ్లూ చెప్పలేదేమమ్మా?"

"ఊరందర్నీ అడిగావు. నన్నడిగావా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"బయటికి తియ్యవే ఆ రికార్డరు," అంది బర్బోరా. వీలియా కదల్లేదు. ముసలామె తనే మొదలుపెట్టింది. "నా పేరు బర్బోరా. ముప్పై ఒకటిలో పుట్టాను. ఈ ఊరే. దాన్ని మా గడ్డివాములో దాచాం. కొన్నాళ్లకు మా నాన్నకు భయం పట్టుకుంది. పొద్దున్నే బండి కట్టాడు. అది ఎక్కనని ఒకటే ఏడుపు. నా మాటైతే వింటుందని నన్ను పిలిచాడు. 'మీ అమ్మ దగ్గరికేనే, ఎక్కు' అన్నాను. నేనూ అలాగే అనుకున్నానే తల్లీ. కళ్లు తుడుచుకుని ఎక్కేసింది. నాన్న దాన్ని పోలీసులకు పట్టిచ్చి ఖాళీ బండితో తిరిగొచ్చాడు."

ఎవరి ముందూ కంటతడి పెట్టని వీలియా అమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బీట్‌రూట్ చారు చల్లారిపోయింది.

"తాత పేరు రాస్తావా?" అని అడిగింది బర్బోరా.

వీలియా తలెత్తి అంది, "రాస్తానమ్మా."

"అయితే నా పేరూ రాయి. ఎక్కమన్నది నేనే."